కసావ్: డోలు మీద కట్టిన కొత్త పాట

అందరికీ నమస్కారం. పని రోజు సాయంత్రం ఇంతమంది రావడం చాలా సంతోషంగా ఉంది.

జానపద సంగీతాన్ని ఈ కాలానికి తగ్గట్టు ఎలా మలచుకోవాలో మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఇలాంటి విషయం మీద సూత్రాలు చెప్పుకుంటూ పోతే ఎంతసేపైనా చెప్పొచ్చు, చేతికి ఏమీ మిగలదు. అందుకని ఒకే ఒక్క బ్యాండు గురించి మాట్లాడతాను. పేరు కసావ్. కరీబియన్ సముద్రంలోని గ్వాదెలూప్, మార్టినీక్ దీవుల వాళ్ళది. వాళ్ళు తయారుచేసిన సంగీతాన్ని జూక్ అంటారు.

ముందు ఒక చిన్న పని చేద్దాం. నాతో పాటు అనండి: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. మొత్తం ఎనిమిది అక్షరాలు. ప్రతి 'త' దగ్గర చేత్తో ఒక దెబ్బ వేయండి. కాలితో మాత్రం రెండేసి అక్షరాలకి ఒకటి చొప్పున నాలుగు అడుగులు, సమంగా. తకిట తకిట తక. తకిట తకిట తక. ఆ, వచ్చింది. ఇప్పుడు గమనించండి. చేతి దెబ్బల్లో మొదటిదీ మూడోదీ కాలితో కలుస్తున్నాయి. రెండోది మాత్రం రెండు అడుగుల మధ్య ఖాళీలో పడుతోంది. ఆ ఖాళీలో పడే దెబ్బ దగ్గరే నడుము కదులుతుంది. కసావ్ పాట ఏది విన్నా ఈ మూడు-మూడు-రెండు ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటుంది. చాలాసార్లు డ్రమ్స్ వాయించే మనిషి హై-హ్యాట్ అనే జంట తాళాల మీదో, స్నేర్ అనే చిన్న డ్రమ్ము అంచు మీదో వినిపిస్తుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు సముద్రం దాటి, ఎన్ని నిషేధాలు పెట్టినా చావకుండా నిలిచిన లయ అది.

దీవుల గురించి రెండు ముక్కలు. ఫ్రెంచివాళ్ళు 1635లో అక్కడ దిగారు. చెరకు తోటలు వేశారు. తోటల్లో పనికి ఆఫ్రికన్లని పట్టి తెచ్చారు. 1685లో ఫ్రాన్సు రాజు పేరుతో వచ్చిన 'కోడ్ న్వార్' అనే చట్టం, వేర్వేరు యజమానుల కింద ఉన్న బానిసలు పగలైనా రాత్రైనా ఒకచోట గుమిగూడకూడదని శాసించింది. పెళ్ళి పేరు చెప్పినా సరే, కుదరదు. బానిసత్వం 1848లో పోయింది. 1946లో ఈ దీవులు ఫ్రాన్సులో జిల్లాల్లాంటి భాగాలయ్యాయి. ఈనాటికీ అక్కడ నడిచేది యూరో, బడిలో భాష ఫ్రెంచి. ఇళ్ళల్లో, సంతల్లో, తగాదాల్లో, సరసాల్లో మాత్రం క్రియోల్, ఫ్రెంచి మాటలూ ఆఫ్రికన్ల పలుకూ కలిసి అక్కడే పుట్టిన భాష. రెండు దీవుల్లోనూ ఒక్కోదాని జనాభా నాలుగు లక్షలకు లోపే. అంత చిన్న చోటు నుంచి వచ్చిన పాట ఖండాలు దాటింది కాబట్టే ఈ కథ మనకి ముఖ్యం.

ఇక గ్వాదెలూప్ డోలు దగ్గరికి వద్దాం. దాన్ని గ్వో కా అంటారు. ఆ డోలుతో నడిచే పాటకీ ఆటకీ కలిపి అదే పేరు. ఓడల్లో ఉప్పు మాంసం వచ్చే కర్ర పీపాలకి మేకతోలు బిగించి తయారుచేసుకున్న డోళ్ళు ఇవి. రెండు రకాలు. బూలా అనేది పెద్దది, మంద్రంగా పలుకుతుంది. దాన్ని పడుకోబెట్టి, మీద కూర్చుని వాయిస్తారు. రెండో మూడో బూలాలు ఒకే వరసని మార్చకుండా పట్టుకుని ఉంటాయి. మకే అనేది చిన్నది, పదునుగా పలుకుతుంది, నిలబెట్టి వాయిస్తారు. సంప్రదాయం ప్రకారం బూలాకి మేకపోతు తోలు, మకేకి ఆడమేక తోలు. వాయించే వరసలు ఏడు: లెవోజ్, కలాజా, వూలే, తూంబ్లాక్, గ్రాజ్, పజాంబెల్, మెండే. ఒక్కోదానికి ఒక్కో గుణం. ఒకటి పనిపాటకి, ఒకటి పండగకి, కలాజా ప్రేమకీ దుఃఖానికీ.

రాత్రిపూట జరిగే కూడికనీ లెవోజ్ అనే అంటారు. జనం వలయంగా నిలబడతారు. పాటగాడు ఒక పంక్తి ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. ఒకరు వలయంలోకి దిగి మకే ముందు నిలబడి ఆడతారు. ఇక్కడే నన్ను కట్టిపడేసిన విషయం ఉంది. ఆడేవాళ్ళు డోలుని అనుసరించరు. డోలే ఆడేవాళ్ళని అనుసరిస్తుంది. పాదం ఎక్కడ పడబోతోందో, భుజం ఎటు విరగబోతోందో మకే వాయించే మనిషి కళ్ళతో పట్టుకుని, అదే క్షణంలో తోలు మీద పలికించాలి. అడుగు తడబడితే ఆ తడబాటునీ పలికించాలి. బూలా నేల, మకే ఆ నేల మీద నడిచే మనిషి. ఈ పని విభజన గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో అవసరం పడుతుంది.

ఇంత నేర్పున్న కళని ఆ దీవుల్లోనే చాలామంది చిన్నచూపు చూశారు. చదువుకుని పైకి వచ్చిన కుటుంబాలు పిల్లల్ని లెవోజ్‌కి వెళ్ళనిచ్చేవి కావు. తాగుబోతుల గోల, పల్లెటూరి మోటుదనం అనేవారు. మన ఊళ్ళల్లో డప్పుకి ఏ చూపు దక్కిందో తెలిసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వెలో అనే పేరుతో పిలిచే మార్సెల్ లోలియా గ్వాదెలూప్ డోలు వాయిద్యంలో శిఖరం లాంటివాడు. ప్వాంతాపిత్ర్ పట్నం వీధుల్లో డోలు వాయిస్తూ పేదరికంలోనే బతికాడు. 1984లో చనిపోతే అంత్యక్రియలకి జనం పోటెత్తారు. ఇప్పుడు అదే పట్నంలో ఆయన విగ్రహం ఉంది. బతికుండగా పూట గడవని మనిషికి పోయాక విగ్రహం. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కోపం వస్తుంది.

అయితే 1960లు, 70ల్లో ఆ దీవుల డ్యాన్సు హాళ్ళలో ఏం మోగేది? ఎక్కువగా హైతీ నుంచి వచ్చిన కొంపా. 1950ల్లో నెమూర్ జాన్-బాతిస్త్ రూపు దిద్దిన సంగీతం అది. ఆ తర్వాత డొమినికా దీవి నుంచి కాడాన్స్-లిప్సో, గోర్డన్ హెండర్సన్ బ్యాండు ఎక్సైల్ వన్ తెచ్చింది. రెండూ మంచి సంగీతాలే, అందులో సందేహం లేదు. కానీ గ్వాదెలూప్ కుర్రాళ్ళు వాయించుకునేది పొరుగు దీవి పాట. సొంత డోలు మాత్రం గుడిసెల వెనక ఉండిపోయింది.

అప్పట్లో ఆ డోలుని లేపడానికి ఇంకో ప్రయత్నం కూడా జరిగింది. గిటారిస్టు జెరార్ లొకెల్ 'గ్వో కా మొడెన్' అనే బాట వేశాడు. యూరప్ స్వర పద్ధతులకి లొంగకుండా, గ్వో కా పాటలో ఉన్న స్వరాల వరసనే పట్టుకుని జాజ్ లాంటి గంభీరమైన సంగీతం చేశాడు. దీవికి స్వాతంత్ర్యం కావాలన్న రాజకీయానికి దగ్గరగా ఉన్న పని అది. నాకు లొకెల్ అంటే చాలా గౌరవం. కానీ శనివారం రాత్రి డ్యాన్సు చేద్దామని వచ్చిన నర్సుకీ, పోస్టాఫీసు గుమాస్తాకీ ఆ సంగీతం అందలేదు.

నర్సు, గుమాస్తా అని ఊరికే అనలేదు. ఫ్రాన్సు ప్రభుత్వం 1963లో బ్యూమిడోమ్ అనే సంస్థ పెట్టి, ఈ దీవుల యువతని ఆస్పత్రుల్లో, తపాలా శాఖలో, ఇలాంటి చోట్ల పనులకి ఫ్రాన్సుకి తరలించింది. 1981 దాకా సాగిందది. అలా వెళ్ళినవాళ్ళతో పారిస్ శివార్లలో ఒక మూడో దీవి పుట్టింది. కసావ్ పుట్టింది కూడా పారిస్‌లోనే.

1979. గ్వాదెలూప్ వైకింగ్స్ అనే పేరున్న డ్యాన్సు బ్యాండులో బేస్ గిటారు వాయించిన పియెర్-ఎద్వార్ దెసిమ్యూస్, తన మిత్రుడు ఫ్రెడీ మార్షల్‌తో కలిసి ఒక ఆలోచన చేశాడు. కార్నివాల్ అనే వీధి పండగ రోజుల్లో గ్వాదెలూప్ వీధుల్లో నడిచే డోలు దళాల మోత ఉంది, 'మాస్ ఆ సెన్ జాన్' అంటారు. ఆ మోతని పునాదిగా వేసి, దాని మీద ప్రపంచంలో ఎక్కడైనా నిలబడగలిగే సంగీతం కట్టాలి. ఇందుకు వాళ్ళకి దొరికిన మనిషి జాకబ్ దెవారియు. పారిస్‌లో పుట్టాడు, బాల్యం గ్వాదెలూప్‌లో, మార్టినీక్‌లో, కొంతకాలం సెనెగల్లో గడిచింది. రాక్, ఫంక్, ఆఫ్రికన్ సంగీతం, ఏది ఇచ్చినా వాయించే స్టూడియో గిటారిస్టు. రికార్డింగ్ గదిలో ఏ మీట తిప్పితే ఏ శబ్దం వస్తుందో కూడా తెలిసినవాడు. పియెర్-ఎద్వార్ తమ్ముడు జార్జ్ దెసిమ్యూస్ బేస్ పట్టాడు. బ్యాండుకి కర్రపెండలం పిండితో కాల్చే రొట్టె పేరు పెట్టుకున్నారు. మొదటి ఆల్బమ్ అదే ఏడాది వచ్చింది, పేరు 'లవ్ అండ్ కా డాన్స్'.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. పాత పాటని తీసుకుని వెనక కీబోర్డు, డ్రమ్స్ పెట్టేస్తే ఆధునికం అయిపోయిందని మనలో చాలామంది అనుకుంటాం. పాట అలాగే ఉంటుంది, బట్టలు మారతాయి. కసావ్ చేసింది దీనికి తలకిందులు. పాటలన్నీ కొత్తవే. బాణీలు కొత్తవి, మాటలు కొత్తవి, వాయిద్యాలు కొత్తవి. పాతది ఏమిటంటే పని విభజన. బూలా ఏం చేస్తుందో, మకే ఏం చేస్తుందో, వలయంలో నిలబడి అందుకునేవాళ్ళు ఏం చేస్తారో, ఆ పనుల్ని కొత్త వాయిద్యాలకి అప్పజెప్పారు.

నా చెవికి వినిపించే తీరు చెప్తాను. క్లోద్ వామ్యూర్ డ్రమ్స్ వాయిస్తున్నప్పుడు వినండి. ఆయన చేతులు రాక్ డ్రమ్మర్ చేతుల్లా గాల్లో ఎగరవు. కాలి కింద బేస్ డ్రమ్ము సమంగా నడుస్తుంది, పైన ఇందాక మనం వేసిన తకిట తకిట తక. పాట మొదలైనప్పుడు ఎలా ఉందో, చివర్లో జనం ఊగిపోతున్నప్పుడూ అలాగే ఉంటుంది. అది బూలా పని. జార్జ్ దెసిమ్యూస్ బేస్ ఆ నేలనే ఇంకాస్త లోతుగా తవ్వుతుంది. ఆ పైన దెవారియు గిటారు తీగలు టకటకా తెగ్గొట్టినట్టు పలుకుతుంది, ట్రంపెట్లూ ట్రాంబోన్లూ చిన్న చిన్న కత్తిరింపుల్లా వచ్చిపోతాయి. మధ్యమధ్య అనుకోని చోట ఒక దెబ్బ వేసి పారిపోతాయి. అది మకే పని. ఆడవాళ్ళ గొంతుల బృందం పంక్తిని అందుకుని తిప్పి కొడుతుంది. అది వలయంలోని జనం పని. డోలు లేని పాటలో కూడా డోలు కూడిక మొత్తం ఉంటుంది.

దీనికి మార్టినీక్ నుంచి వచ్చినవాళ్ళు ఇంకో రుచి కలిపారు. జాన్-క్లోద్ నేమ్రో సింథసైజర్ దగ్గర కూర్చున్నాడు. జాన్-ఫిలిప్ మార్తెలి, జోసెలిన్ బెరోవార్ గొంతులిచ్చారు. గ్వాదెలూప్ నుంచి పాత్రిక్ సెంతెలువా మెత్తని గొంతుతో వచ్చాడు. పొరుగున ఉన్నా ఎప్పుడూ పోటీ పడే రెండు దీవుల వాళ్ళు ఒకే బ్యాండులో ఇన్నేళ్ళు కలిసి ఉండటం మామూలు విషయం కాదు. వాళ్ళు ఇంకో తెలివైన ఏర్పాటు చేసుకున్నారు. బ్యాండు పేరుతో ఒక ఆల్బమ్ వస్తే, సభ్యులు ఒక్కొక్కరి పేరుతో విడిగా ఇంకొన్ని వచ్చేవి. వాయించేది మాత్రం అందరూ. ఎవరి పాట వాళ్ళకి ఉండేది, అలగడానికి కారణం తగ్గేది. బ్యాండులు ఎందుకు విడిపోతాయో తెలిసినవాళ్ళకి ఈ ఏర్పాటు విలువ అర్థమవుతుంది.

భాష సంగతి. పాటలు క్రియోల్‌లో రాశారు. ఫ్రాన్సు మార్కెట్టులో అమ్ముడుపోవాలంటే ఫ్రెంచిలో పాడటం తేలిక దారి. వాళ్ళు ఆ దారి పట్టలేదు. బడిలో మాట్లాడితే దెబ్బలు తిన్న భాషలో పాడారు. పాడి, అర్థం కాని దేశాల్లో కూడా జనం చేత పాడించారు. అంతకుముందు దీవుల రికార్డులు చాలావరకు తక్కువ ఖర్చుతో, హడావిడిగా పూర్తిచేసేవారు. కసావ్ మాత్రం పారిస్‌లోని మంచి స్టూడియోల్లో, అమెరికన్ పాప్ ఆల్బమ్‌కి ఎంత శ్రద్ధ పెడతారో అంత శ్రద్ధ పెట్టింది. మన డోలు కూడా ఇంత శుభ్రంగా, ఇంత గంభీరంగా వినిపించగలదని దీవుల వాళ్ళు మొదటిసారి విన్నారు. శబ్ద నాణ్యత అనేది ఇంజినీర్లకి మాత్రమే సంబంధించిన విషయమని నేను అనుకోను. పాడయిపోయిన మైకులో వినిపించే కళని జనం పాడయిపోయిన కళగానే చూస్తారు.

1984లో దెవారియు, జార్జ్ దెసిమ్యూస్ పేర్లతో 'యెలెలె' ఆల్బమ్ వచ్చింది. అందులో 'జూక్-లా సే సెల్ మెదికామన్ నూ నీ' అనే పాట. 'మాకున్న ఒకే ఒక్క మందు జూక్' అని అర్థం. దీవుల సంగీతానికి మొట్టమొదటి గోల్డ్ డిస్క్, అంటే భారీ అమ్మకాలకి ఇచ్చే గుర్తింపు, తెచ్చిన పాట ఇదే. అప్పటిదాకా జూక్ అంటే డ్యాన్సు పార్టీ. ఈ పాట తర్వాత అదొక సంగీతం పేరయింది.

1986లో జోసెలిన్ బెరోవార్ 'సీవో' ఆల్బమ్ చేసింది. ఒక కరీబియన్ స్త్రీ గొంతు గోల్డ్ డిస్క్ అందుకోవడం ఆ దీవుల్లో మొదటిసారి. ఆమె గురించి విడిగా ఒక సాయంత్రం మాట్లాడొచ్చు. మగ బ్యాండుల్లో ఆడ గొంతులు వెనక నిలబడి వంత పాడే కాలంలో, ఆమె ముందుకు వచ్చి తను రాసుకున్న మాటలు తనే పాడింది. స్త్రీ తన ప్రేమని, తన అలసటని, తన కోపాన్ని ఎవరి అనుమతీ అడక్కుండా చెప్పుకుంటున్న గొంతు అది. గొంతు పెంచదు. గట్టిగా అరిచే పాట ఎంతోమంది పాడగలరు. గొంతు పెంచకుండా వేలమందిని నిలబెట్టడం కొద్దిమందికే చేతనవుతుంది.

ఆఫ్రికాలో కసావ్‌కి దక్కిన ఆదరణ వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఐవరీ కోస్ట్, అంగోలా, కేప్ వెర్డె, వెళ్ళిన చోటల్లా జనం. బానిస ఓడల్లో వెళ్ళిన లయ మూడు వందల ఏళ్ళ తర్వాత ఎలక్ట్రిక్ గిటార్లతో తిరిగి వచ్చింది, అక్కడివాళ్ళు గుర్తుపట్టారు. అంగోలాలో 1980ల్లో పుట్టిన కిజోంబా అనే డ్యాన్సు సంగీతంలో జూక్ జాడ స్పష్టంగా ఉంటుంది. 1989లో వచ్చిన 'అమాండ్లా' ఆల్బమ్‌లో మైల్స్ డేవిస్ లాంటి జాజ్ దిగ్గజం కూడా జూక్ లయని వాడుకున్నాడు.

విమర్శలు రాలేదా అంటే వచ్చాయి. గ్వో కాని పవిత్రంగా చూసేవాళ్ళు ఇది వ్యాపారమన్నారు. డోలుని పార్టీ సరుకు చేశారన్నారు. ఆ విమర్శని నేను తేలిగ్గా కొట్టిపారేయను. డోలుకి ఇంకో జీవితం కూడా ఉంది. ప్వాంతాపిత్ర్‌లోని అకియో అనే కార్నివాల్ దళం ఏ ఎలక్ట్రిక్ వాయిద్యమూ లేకుండా తోలు డోళ్ళతోనే వీధుల్లో నడిచింది. 2009లో ధరలకీ జీతాలకీ గ్వాదెలూప్ మొత్తం 44 రోజులు సమ్మె చేసినప్పుడు, ఊరేగింపుల్ని నడిపించింది ఆ డోళ్ళే. 'గ్వాదెలూప్ మాది, వాళ్ళది కాదు' అన్న నినాదం డోలు లయలోనే నోటినోటికీ పాకింది. సరిగ్గా అదే ఏడాది కసావ్ ముప్ఫై ఏళ్ళ పండగని పారిస్ పక్కనున్న స్తాద్ ద ఫ్రాన్స్ స్టేడియంలో చేసుకుంది. ఒకే లయ, రెండు చోట్ల. నాకైతే రెండూ కావాలి. వీధిలో అకియో లేకపోతే స్టేడియంలో కసావ్‌కి వేరు ఉండదు. కసావ్ లేకపోతే, పారిస్‌లో పుట్టిన పిల్లలకి ఆ డోలు వంక చూసే కారణం ఉండదు. 2014లో యునెస్కో గ్వో కాని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చేనాటికి అది బతికి ఉండటంలో ఈ ఇద్దరికీ పాలు ఉంది.

ఇక్కడొక పక్కమాట. ఇదే 1979లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో జిస్కాకాన్ అనే బృందం పుట్టింది. గిల్బెర్ పూనియా నడిపించాడు. వాళ్ళు పట్టుకున్నది మలోయా అనే చెరకు తోటల పాట. అదీ చాలాకాలం అధికారుల వేధింపులు ఎదుర్కొన్నదే. ఆ బృందం మలోయాకి తబలా, సితార్ కూడా జోడించింది. ఆ దీవికి మనవాళ్ళు వెళ్ళారు. భారతదేశం నుంచి అక్కడి చెరకు పనికి 1828లో వెళ్ళిన తొలి కూలీలు మన యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళే. ఫ్రెంచి కాగితాల్లో వాళ్ళని తెలింగాలు అని రాసుకున్నారు. ఆ తోటల పాటలో వాళ్ళ చెమట కూడా ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా కూర్చుని ఈ సంగతి మీద పనిచేస్తే బాగుండునని నాకెప్పుడూ ఉంటుంది. వింటున్న విద్యార్థులెవరైనా ఉంటే దయచేసి ఆలోచించండి.

సరే, కసావ్ దగ్గరికి. 1990లు వచ్చేసరికి జూక్ చేయడం సులువైపోయింది. సెంతెలువా మెత్తని ప్రేమపాటలతో జూక్ లవ్ అనే ధోరణి మొదలైంది. ఆయన చేసినంతవరకు అందులో ప్రాణం ఉంది. తర్వాత ఒక కంప్యూటరూ ఒక కీబోర్డూ ఉన్న ప్రతి ఒక్కరూ అదే లయని యంత్రంలో పెట్టి వందలకొద్దీ పాటలు తీశారు. యంత్రం కూడా తకిట తకిట తకే కొడుతుంది. లెక్క ఎక్కడా తప్పదు. కానీ మకే లేదు. ఎవరి అడుగునీ చూడని డోలు అది. గ్వో కా వలయాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు, కసావ్ రికార్డు విని పైపైన దొరికింది తీసుకున్నారు. లయ ఏమిటో తీసుకున్నారు, అది దేనికోసమో తీసుకోలేదు. మన దగ్గర తీన్మార్ బీట్లని లూప్ చేసి సినిమా పాటల కింద పెట్టే కుర్రాళ్ళు చాలా ప్రతిభ ఉన్నవాళ్ళు. వాళ్ళకి నా విన్నపం ఒకటే. లూప్ తీసుకునే ముందు ఒక రాత్రంతా ఆ వాయించే మనుషుల పక్కన కూర్చోండి. ఎప్పుడు వేగం పెంచుతున్నారో, ఎవరిని చూసి పెంచుతున్నారో గమనించండి.

సెంతెలువా 2010లో పోయాడు. బ్యాండు నలభై ఏళ్ళ పండగ 2019లో పారిస్ లా దెఫాన్స్ అరీనాలో జరిగింది. దెవారియు 2021 జూలై 30న కోవిడ్‌తో ప్వాంతాపిత్ర్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. అంతకుముందే ఆయనకి కిడ్నీ మార్పిడి జరిగింది, రోగనిరోధక శక్తి తక్కువ. ఆయన పోయిన వార్తకి కరీబియన్‌లో ఎంత ఏడ్చారో ఆఫ్రికాలోనూ అంత ఏడ్చారు. బ్యాండు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆ 1984 పాట వినిపిస్తాను. మొదటిసారి వినేటప్పుడు గొంతుల్ని వదిలేసి హై-హ్యాట్ మీద చెవి పెట్టండి. రెండోసారి ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఎక్కడ వచ్చి ఎక్కడ వెళ్తున్నాయో వినండి. మూడోసారి లేచి ఆడాలనిపిస్తే కుర్చీలు పక్కకి జరుపుకుందాం. ప్రశ్నలు ఆ తర్వాత.

(పాట వినిపించారు.)